వణుకు వ్యాధి: మందు మోతాదు, మందు వేళ

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు దక్షిణమున శాలిబండ కలదు. అచ్చటి గడియార స్తంభము ఆ ప్రాంతమునకు గుర్తు. పార్కిన్సన్ వ్యాధి సోకినవారి ఇంట గడియారమునకు మరియొక విలువ కలదు. ఈ వ్యాధిలో మందు మోతాదు ఎంత ముఖ్యమో, మందు వేళయు అంత ముఖ్యము. ఈ సంగతిని పంచాయతీ సభ్యులకు వివరింపగోరుచున్నాము.

మన మెదడులోని కొన్ని కణములు డోపమిన్ అను పదార్థమును తయారుచేయును. అవయవములు సాఫీగా కదలుటకు అది అవసరము. ఆ కణములు క్రమముగా నశించినచో చేయి వణకును, నడక మందగించును, కండరములు బిగియును. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణించెను. ఆయుర్వేదమున దీనిని కంపవాతమందురు.

దీనికి ముఖ్యమైన మందు లెవోడోపా. మెదడు దీనిని డోపమిన్‌గా మార్చుకొనును. తాకినంతనే దురద పుట్టించు దూలగొండి కాయను ఎరుగని పల్లె లేదు. దాని గింజలలోనే లెవోడోపా ఉన్నదని దామోదరన్, రామస్వామి అను మన దేశపు శాస్త్రజ్ఞులు 1937లో ప్రకటించిరి. 1961లో వియన్నా వైద్యులు దీనిని రోగులకిచ్చి గుణము చూచిరి. స్వల్ప మోతాదుతో ప్రారంభించి మెల్లమెల్లగా పెంచవలెనని 1967లో అమెరికాలో కోట్జియాస్ చూపెను. నేటికిని వైద్యులు అనుసరించు మార్గమదియే.

మోతాదు చాలనిచో రోగి బిగుసుకొనిపోవును. మించినచో శరీరము తనంతట మెలికలు తిరుగును. వాంతులు, లేచి నిలువగానే తలతిరుగుట, లేనివి కనబడుట సంభవింపవచ్చును. కొన్ని ఏండ్లు గడచిన పిదప ఒక్కొక్క మాత్ర పనిచేయు కాలము తగ్గవచ్చును. అప్పుడు వైద్యుడు మాత్రల నడుమ వ్యవధి తగ్గించును, లేదా వేరొక మందు చేర్చును. కావున ఒకరికి సరిపోయిన మోతాదు వేరొకరికి సరిపోదు.

ఈ సమతూకము కుదురుటకు ఇంటివారి సహాయము కావలెను. మాత్ర వేసిన వేళ, రోగి చక్కగా నడచిన వేళ, బిగుసుకొనిన వేళ ఒక నోటుపుస్తకమున వ్రాసి వైద్యునికి చూపవలెను. పప్పు, గ్రుడ్లు, మాంసము వంటి మాంసకృత్తులు గల ఆహారము మందుకు అడ్డుపడవచ్చును. కనుక సాధారణముగా భోజనమునకు అరగంట ముందు, లేదా గంట తరువాత మాత్ర వేసికొనవలెను. ఇనుము మాత్రలను దీనితో కలిపి వేయరాదు. వాంతులకు వాడు కొన్ని మందులు ఈ వ్యాధిని పెంచును. కావున ఏ వైద్యుని వద్దకు వెళ్లినను రోగి వాడుచున్న మందులన్నియు చెప్పవలెను. మందును హఠాత్తుగా మానుట ప్రాణాపాయము.

చార్మినారు పరిసరములలోని మూలికల అంగళ్లలో దూలగొండి గింజలు కౌంచ్ అను పేర దొరకును. చెట్టు మందు గదా, హాని యేమని కొందరు మాత్రలతోపాటు ఈ పొడిని కూడ వాడుదురు. ఇది ఒకే మందును రెండుమార్లు వాడినట్లగును. పొడిలో మందు ఎంత యున్నదో తెలియదు. వైద్యునికి తెలుపక దీనిని వాడరాదు.

పంచాయతీ సభ్యులు చేయగలిగిన పని కలదు. తూలుచు నడచు వృద్ధుని త్రాగుబోతని ఎవరును ఎగతాళి చేయకుండ చూడుడు. పింఛను వరుసలోనో, గ్రామసభలోనో మందు వేళ దాటిపోవునట్లు నిలబెట్టకుడు. మాత్రలు నిండుకొనకముందే తెప్పించుకొనుటకు తోడ్పడుడు. వ్యాధి అనుమానమున్నవారిని జిల్లా ఆసుపత్రికిగాని, హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్ నరముల వైద్యవిభాగమునకుగాని పంపుడు. ఈ వ్యాధి పూర్తిగా మాన్పు మందు ఇంకను లేదు. అయినను, వేళకు సరియైన మోతాదు అందినచో రోగి తన చేతితో తాను అన్నము తినగలుగు దినములు పెరుగును. ఆ దినములను పెంచుటలో గ్రామమునకును పాలు కలదని మా మనవి.