నలభై దాటినా సైకిలెక్కుదాం

చాలా ఇళ్లలో ఒక పాత సైకిలు ఉంటుంది. గోడకు ఆనించి ఉంటుంది. టైర్లలో గాలి ఉండదు. చైనుకు తుప్పు పట్టి ఉంటుంది. ఒకప్పుడు ఆ ఇంటాయన దాని మీదే పొలానికి వెళ్లాడు. సంతకు వెళ్లాడు. తర్వాత మోటారు బండి వచ్చింది. సైకిలు మూల పడింది.

సైకిలుతో పాటు మనిషి ఒళ్లు కూడా మూల పడుతోంది. నలభై దాటేసరికి పొట్ట ముందుకు వస్తోంది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. కింద కూర్చుంటే లేవడానికి చేతి ఊత కావాలి. "వయసు మీద పడింది, ఇంతేలే" అని సరిపెట్టుకుంటాం. కాని వయసు ఒక్కటే దీనికి కారణం కాదు. ఒళ్లు కదలకపోవడం కూడా కారణమే. వయసును ఎవరూ ఆపలేరు. ఒళ్లు కదిలించడం మాత్రం మన చేతిలో ఉంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ముప్ఫై ఏళ్లు దాటాక మన కండ మెల్లగా తగ్గుతుంది. పదేళ్లకు నూటికి 3 నుంచి 8 పాళ్లు తగ్గుతుంది. అరవై దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. వాడని కండ మరింత త్వరగా కరిగిపోతుంది.

కండ బరువులు ఎత్తడానికే కాదు. అది పొయ్యి లాంటిది. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. ఆ చక్కెరను కండలు కట్టెల్లా వాడుకుంటాయి. ఒళ్లు కదిలితే పొయ్యి మండుతుంది. కదలకపోతే కట్టెలు మిగిలిపోతాయి. కొంత కొవ్వుగా మారి నడుము చుట్టూ చేరుతుంది. రక్తంలో చక్కెర పెరుగుతుంది. దాన్నే మనం షుగరు జబ్బు అంటాం.

షుగరు, బీపీ చప్పుడు చేయకుండా వస్తాయి. చాలామందికి మొదట్లో ఏ బాధా ఉండదు. లోలోపల మాత్రం కళ్లు, కిడ్నీలు, గుండె దెబ్బతింటూ ఉంటాయి. మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి సర్వే తెలిపింది.

ఇంటికి ఆధారమైన మనిషికి నలభై ఎనిమిదో ఏట పక్షవాతం వస్తే ఏమవుతుంది? కూలి ఆగిపోతుంది. బంగారం తాకట్టుకు పోతుంది. పిల్ల చదువు మధ్యలో ఆగిపోతుంది. జబ్బు ఒక్కరికి వస్తుంది. దెబ్బ ఇంటిల్లిపాదికీ తగులుతుంది.

డ్రైవరు, కండక్టరు

లండన్ నగరంలో రెండంతస్తుల బస్సులు తిరుగుతాయి. హైదరాబాదులోనూ ఒకప్పుడు అలాంటి బస్సులు చాలా తిరిగేవి. జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ బస్సుల్లో పనిచేసేవాళ్ల ఆరోగ్యాన్ని పరిశీలించాడు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. అప్పట్లో కండక్టరు టిక్కెట్లు ఇవ్వడానికి పైకీ కిందికీ తిరిగేవాడు. రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు.

ఆయన ఫలితాలు 1953లో అచ్చయ్యాయి. డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లకు గుండెపోటు తక్కువగా వచ్చింది. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే దారి. ఒకరు కూర్చున్నారు, ఒకరు తిరిగారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో పరిశోధనలు జరిగాయి. ఒళ్లు కదిలిస్తే గుండెకు మేలు అని అవీ చెప్పాయి.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు అన్నారు. ఆస్తి సంగతే కాదు, ఆరోగ్యం సంగతీ అంతే.

పొలం పని చాలదా?

రోజూ ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు ఆ పనే చాలావరకు వ్యాయామం. కాని ఇప్పుడు దుక్కి ట్రాక్టరు దున్నుతోంది. కోత మిషను కోస్తోంది. పొలానికి బండి మీద వెళ్లి వస్తున్నాం. నాట్లప్పుడు నడుం విరిగేలా పని ఉంటుంది. తర్వాత వారాల తరబడి ఖాళీ. దుకాణం నడిపేవాళ్లకు, ఆఫీసులో పనిచేసేవాళ్లకు, మిషను కుట్టేవాళ్లకు ఏడాది పొడుగునా కూర్చునే పనే. ఒంటికి అన్నం రోజూ కావాలి. కదలిక కూడా రోజూ కావాలి.

సైకిలు ఎందుకు మంచిది?

నడిచేటప్పుడు ఒంటి బరువు మోకాళ్ల మీద పడుతుంది. సైకిలు మీద ఆ బరువులో చాలా భాగం సీటు మోస్తుంది. అందుకే బరువు ఎక్కువున్నవాళ్లకు, మోకాళ్ల నొప్పి కొద్దిగా ఉన్నవాళ్లకు ఇది హాయిగా ఉంటుంది. తొడలు, పిరుదులు మన ఒంట్లో పెద్ద కండలు. సైకిలు తొక్కితే అవే ఎక్కువగా పనిచేస్తాయి. గుండెకూ ఊపిరితిత్తులకూ బలం వస్తుంది. పెట్రోలు ఖర్చు లేదు. పాలు తేవడం, బజారుకు వెళ్లడం లాంటి పనులూ జరిగిపోతాయి.

నలుగురూ నవ్వుతారా?

"బండి ఉండగా సైకిలేంటి?" అని కొందరు అంటారు. "ఆడవాళ్లు సైకిలు తొక్కడమేంటి?" అని ఇంకొందరు అంటారు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిలు కూడా నేర్పారు. షీలా రాణి చుంకత్ అప్పటి కలెక్టరు. కూలికి వెళ్లే ఆడవాళ్లు, రాళ్లు కొట్టే ఆడవాళ్లు వేలాదిమంది నేర్చుకున్నారు. మొదట్లో ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లు ఆగలేదు.

"ఈ వయసులోనా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్సు దేశంలో రాబర్ట్ మార్షాన్ అనే ఆయన ఉండేవాడు. యువకుడిగా సైకిలు తొక్కి, తర్వాత చాలా ఏళ్లు మానేశాడు. 67వ ఏట మళ్లీ మొదలుపెట్టాడు. 2017లో, 105 ఏళ్ల వయసులో, ఒక్క గంటలో 22 కిలోమీటర్లకు పైగా తొక్కాడు. 109 ఏళ్లు బతికాడు. అందరం అంత కాలం బతకాలని లేదు. ఆలస్యంగా మొదలుపెట్టినా మేలు ఉంటుందని మాత్రం తెలుసుకోవాలి.

ఎలా మొదలుపెట్టాలి?

ముందు ఒళ్లు చూపించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు పరీక్షలు ఉచితంగా చేస్తారు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, షుగరుకు, బీపీకి మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

తర్వాత సైకిలును బాగుచేయించాలి. గాలి, బ్రేకులు, బెల్లు, చైను చూడాలి. సీటు ఎత్తు ముఖ్యం. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పుడతాయి. ఒకరిని సైకిలు పట్టుకోమని, సీటు మీద కూర్చోండి. ఒక పెడలు అడుగుకు రావాలి. దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా చాచినట్టు ఉంటే సీటు సరిపోయినట్టే. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కాలి. అప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం కాలు నేలకు అందేలా సీటు దించుకోవాలి.

మొదటి రోజే ఐదు మైళ్లు పోకూడదు. ఇలా మెల్లగా పెంచాలి:

మొదటి రెండు వారాలు: రోజుకు 10 నిమిషాలు
మూడు, నాలుగు వారాలు: రోజుకు 20 నిమిషాలు
ఐదో వారం నుంచి: రోజుకు 30 నిమిషాలు

వారానికి 5 రోజులు చాలు. లెక్క వేయండి. 5 × 30 = 150 నిమిషాలు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఎంత జోరుగా తొక్కాలి? పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన జోరు. మాట కూడా రాకపోతే జోరు తగ్గించాలి.

సైకిలు ఒక్కటే చాలదు

సైకిలు కాళ్లకు, గుండెకు మంచిది. చేతులకు పని తక్కువ. ఒంటి బరువు కాళ్ల మీద పడదు కాబట్టి ఎముకల గట్టితనానికీ అంతగా సాయపడదు. అందుకని వారానికి రెండు మూడు రోజులు ఇవి కూడా చేయాలి.

1. అరుగు మీద కూర్చుని, చేతి ఊత లేకుండా లేవాలి. పదిసార్లు.
2. గోడకు రెండడుగుల దూరంలో నిలబడాలి. అరచేతులు గోడకు ఆనించాలి. మోచేతులు వంచి ముందుకు వాలాలి, మళ్లీ వెనక్కి నెట్టుకోవాలి. పదిసార్లు.
3. స్తంభం పట్టుకుని మడమలు ఎత్తి దించాలి. పదిసార్లు.

సైకిలు తొక్కని రోజు నడవాలి. మెట్లు ఎక్కాలి.

జాగ్రత్తలు

తెల్లవారక ముందు, చీకటి పడ్డాక లారీలు తిరిగే రోడ్డు మీదికి పోవద్దు. ఎడమ పక్కనే వెళ్లాలి. తలకు హెల్మెటు పెట్టుకోవాలి. చీర కొంగు, పంచె అంచు చైనులో పడకుండా చూసుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం తొక్కవద్దు. నీళ్లు వెంట ఉండాలి.

షుగరుకు మాత్రలు వాడేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. జేబులోనో సంచిలోనో కొంచెం పంచదార ఉంచుకోవాలి. చెమట పట్టి, వణుకు వచ్చి, కళ్లు తిరిగితే వెంటనే ఆగి అది తినాలి. చెప్పులు లేకుండా తొక్కకూడదు. రోజూ పాదాలకు పుండ్లు ఉన్నాయేమో చూసుకోవాలి.

గుండెల మీద బరువు పెట్టినట్టు ఉన్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లని చెమట పట్టినా ఆగిపోవాలి. వెంటనే 108కి ఫోను చేయాలి. "గ్యాసు నొప్పిలే" అని పడుకోకూడదు.

ఆరోగ్యం బజారులో దొరికేది కాదు. గోడకు ఆనించిన ఆ సైకిలుకు గాలి కొట్టించడానికి అయ్యే ఖర్చు తక్కువ. రేపు ఆసుపత్రిలో అయ్యే ఖర్చు ఎక్కువ.

కలిసి మాట్లాడుకోండి

1. మీ వీధిలో నలభై దాటినవాళ్లు ఎంతమంది బీపీ, షుగరు పరీక్ష చేయించుకున్నారు?
2. మీ ఇంట్లో ఆడవాళ్లు వ్యాయామం చేయడానికి అడ్డం వస్తున్నది ఏమిటి?
3. ఈ వారం మీరు ఎన్ని నిమిషాలు సైకిలు తొక్కారు, ఎన్ని నిమిషాలు నడిచారు? రోజువారీగా రాసి కూడండి. 150 అయిందా?