ఒక కంట్లో గీతలు వంకరగా కనిపిస్తున్నాయా? చూపు పోయే ముప్పును ముందే పట్టిచ్చే కంటి స్కాన్

అవుకు నుంచి కంటి పరీక్ష కోసం నంద్యాలకో, కర్నూలుకో వెళ్లాలంటే పెద్దవాళ్లకు ఒక రోజు పోయినట్టే. తోడు ఒకరు ఉండాలి. అందుకే చూపు మసకబారితే ‘శుక్లాలే అయ్యుంటాయిలే, పనులయ్యాక చూపిద్దాం’ అని వాయిదా వేస్తుంటారు. శుక్లాలైతే కాస్త ఆలస్యమైనా చాలామందికి ఆపరేషన్‌తో చూపు వస్తుంది. కానీ సమస్య మాక్యులాలో ఉంటే? పోయిన చూపు తిరిగి రావడం కష్టం.

ఏంటీ జబ్బు?

కంటి వెనుక ఉండే తెర రెటీనా. దాని నడిమి భాగమే మాక్యులా. ముఖాలు గుర్తుపట్టాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా ఇదే ఆధారం. వయసుతో ఇది దెబ్బతినడాన్నే ఏఎండీ అంటారు. ఇందులో పొడి రకం ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. తడి రకంలో రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి నీరు, రక్తం కారుతాయి. అప్పుడు వారాల్లోనే చూపు పడిపోవచ్చు.

ఎల్‌వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించింది. 40 ఏళ్లు దాటినవారిలో దాదాపు 1.8 శాతం మందికి ఏఎండీ ఉన్నట్టు తేలింది. చుట్ట తాగే అలవాటుకూ ఈ జబ్బుకూ సంబంధం ఉన్నట్టు కూడా ఆ సర్వేలో బయటపడింది.

ఫోటోలో ఏం తెలుస్తుంది?

రెటీనా ఫోటోలో డాక్టర్లు ముందుగా చూసేది డ్రూసెన్ అనే పసుపు మచ్చలను. రెండు కళ్లలోనూ పెద్ద డ్రూసెన్, రంగు మార్పులు ఉంటే ఐదేళ్లలో కనీసం ఒక కంట్లో జబ్బు ముదిరే అవకాశం దాదాపు 50 శాతమని అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ఇవేవీ లేకపోతే ఆ ముప్పు అర శాతమే.

1991లో వెలుగులోకి వచ్చిన ఓసీటీ స్కాన్ ఇంకా లోతుకు వెళ్తుంది. కంటిని తాకకుండా, కాంతితో రెటీనా పొరలను విడివిడిగా చూపిస్తుంది. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. పేషెంటుకు తేడా తెలియకముందే పొరల కింద చేరిన నీరు ఇందులో కనిపించవచ్చు.

ఏఐ చెప్పేది నిజమేనా?

ఒక కంట్లో తడి ఏఎండీ వచ్చినవారికి ఆరు నెలల్లో రెండో కంట్లోనూ వస్తుందా అని ముందే చెప్పే ఏఐని లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి, గూగుల్ పరిశోధకులు 2020లో ప్రకటించారు. ముప్పున్న స్కాన్లలో 80 శాతాన్ని అది పట్టుకోగలిగింది. అయితే ఆ స్థాయిలో పెడితే, ముప్పు లేని స్కాన్లలో 45 శాతానికి కూడా హెచ్చరిక ఇచ్చింది. అంటే ఇది జాతకం కాదు. ఎవరిని త్వరగా మళ్లీ పిలవాలో డాక్టరుకు చెప్పే గుర్తు మాత్రమే.

ఇంట్లోనే ఇలా చూసుకోండి

ఒక కన్ను మూసి, రెండో కంటితో కిటికీ ఊచలను చూడండి. తర్వాత కన్ను మార్చండి. ఊచలు వంకరగా ఉన్నా, మధ్యలో నల్లటి మచ్చ కనిపించినా వెంటనే రెటీనా డాక్టరును కలవాలి. బయల్దేరే ముందే ఓసీటీ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుంటే రెండోసారి తిరిగే పని తప్పుతుంది. తడి రకాన్ని కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లతో అదుపు చేయొచ్చు. కాకపోతే చూపు బాగానే ఉందని మధ్యలో మానేస్తే జబ్బు మళ్లీ తిరగబడుతుంది. ఒక కన్ను ఇప్పటికే దెబ్బతిన్నవారు రెండో కంటి పరీక్షను అస్సలు వాయిదా వేయకూడదు.

(ఇది అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో కంటి డాక్టరు సలహా పాటించండి.)