తుపాను వేళ కోళ్లకు ఇంట్లో చోటు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు సాయంత్రం మా పెరటి కోళ్లు ఆరింటిని వరండాలోకి తెచ్చి ఒకే గంప కింద మూసిపెట్టాము. జల్లు కొడుతుందని గంప మీద టార్పాలిన్ గట్టిగా కప్పాము. తెల్లవారి తీసి చూస్తే రెండు పెట్టలు చనిపోయి ఉన్నాయి. వానకు కాదు, గాలి ఆడక! ఆ గుడ్ల డబ్బుతోనే మా పిల్లలకు నోటు పుస్తకాలు కొనేవాళ్లము.

ఆ నష్టంతో నేర్చుకున్నది మీకూ చెబుతున్నాము. తుపాను కబురు రాగానే వంటింటికి, పడకలకు దూరంగా ఒక మూల చూసుకోండి. నేల మీద గోనె పరచి, పైన రెండంగుళాల మందాన పొడి ఊక పోయండి. ఒక్కో కోడికి రెండు చదరపు అడుగుల చోటైనా ఉండాలి. పాత నులక మంచం అడ్డంగా నిలబెడితే అదే దడి. పైన వల చాలు. జల్లు వచ్చే వైపు మాత్రమే పట్టా కట్టండి.

తడిసిన ఊకను రోజూ తీసివేయాలి. లేకపోతే రెట్టలనుండి అమ్మోనియా పుట్టి కోళ్ల కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నీళ్ల గిన్నె ఇటుక మీద పెడితే ఒలకదు. వెచ్చదనానికని బొగ్గుల కుంపటి పెట్టవద్దు. మూసిన ఇంట్లో దాని విషవాయువు మనుషులకూ ప్రాణాంతకమే. కోళ్లను ముట్టుకున్న పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. నలతగా ఉన్న కోడిని ఇంట్లోకి తేకుండా వేరే చోట ఉంచండి.

రెండు రోజులు వాసన ఓర్చుకోవాలి, నిజమే. కానీ ఆ తర్వాతి వానల్లో మేము ఒక్క కోడినీ పోగొట్టుకోలేదు.