‘ప్రీమియం’ డొమైన్ పేర్లు: రెన్యువల్ బిల్లు చూశాక ఎందుకు ఉలిక్కిపడాల్సి వస్తోంది?

వెబ్‌సైట్ పేరును ‘కొన్నాం’ అని అందరూ అంటారు. నిజానికి డొమైన్ పేరును శాశ్వతంగా కొనుక్కునే వీలు ఎవరికీ లేదు. ఏడాది నుంచి గరిష్ఠంగా పదేళ్ల వరకు దాన్ని వాడుకునే హక్కు మాత్రమే దొరుకుతుంది. గడువు తీరాక మళ్లీ డబ్బు కట్టకపోతే ఆ పేరు చేజారిపోతుంది.

మామూలు పేర్ల విషయంలో ఈ తేడాను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏటా కట్టాల్సింది వెయ్యి, రెండు వేల రూపాయల లోపే ఉంటుంది కాబట్టి. చిక్కంతా ‘ప్రీమియం’ ముద్ర పడిన పేర్లతోనే. వీటిలో కొన్నింటికి మొదట ఒకసారి ఎక్కువ డబ్బు కడితే సరిపోతుంది. మరికొన్నింటికి ఏటా అంతే మొత్తం కడుతూ పోవాలి. అమ్మకం పేజీలో రెండింటి మీదా ఉండేది ‘ప్రీమియం’ అనే ఒకే మాట. తీసుకున్నది ఏ రకమో చాలామందికి ఏడాది తర్వాత బిల్లు వచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పటికి ఆ పేరుతో బోర్డులు, విజిటింగ్ కార్డులు, ఈమెయిల్ చిరునామాలు అన్నీ తయారై ఉంటాయి.

ధర ఎవరు నిర్ణయిస్తారు?

ఈ వ్యాపారంలో మూడు అంచెలున్నాయి. అన్నిటికంటే పైన రిజిస్ట్రీ ఉంటుంది. డాట్ కామ్, డాట్ నెట్ లాంటి ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కు ఒక్కో రిజిస్ట్రీ ఉంటుంది. ఈ రెండింటినీ అమెరికాకు చెందిన వెరిసైన్ సంస్థ నడుపుతోంది. రెండో అంచెలో రిజిస్ట్రార్లు ఉంటారు. గోడాడీ లాంటి ఈ కంపెనీలు రిజిస్ట్రీ దగ్గర టోకు ధరకు తీసుకుని, తమ లాభం కలిపి వినియోగదారుడికి అమ్ముతాయి. మూడో అంచెలో ఉండేది ఆ పేరును నమోదు చేసుకున్న వ్యక్తి లేదా సంస్థ.

ఈ వ్యవస్థకు నియమాలు రాసేది 1998లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏర్పడిన ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. అయితే పేర్ల ధరలను ఐకాన్ నిర్ణయించదు. రిజిస్ట్రీలతో కుదుర్చుకునే ఒప్పందాల్లో కొన్ని షరతులు మాత్రం పెడుతుంది.

పేరుకు ప్రీమియం ధర పెట్టేది సాధారణంగా రిజిస్ట్రీయే. అందుకే రిజిస్ట్రార్‌ను మార్చినంత మాత్రాన భారం తగ్గదు. ఏ దుకాణానికి వెళ్లినా టోకు ధర అదే. పైగా చాలా ఎక్స్‌టెన్షన్లలో పేరును మరో రిజిస్ట్రార్‌కు బదిలీ చేసేటప్పుడు ఒక ఏడాది రెన్యువల్ ఫీజు కూడా కట్టాలి. ప్రీమియం పేరైతే ఆ ఫీజు కూడా ప్రీమియం ధరలోనే ఉంటుంది.

ఒకే మాట, వేర్వేరు బేరాలు

మొదటి రకం, సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో దొరికే పేర్లు. ఎవరో ముందే నమోదు చేసుకున్న పేరును పెద్ద మొత్తానికి అమ్ముతారు. 2019లో వాయిస్ డాట్ కామ్ పేరు 3 కోట్ల డాలర్లకు చేతులు మారింది. అంత ధర పలికినా దాని రెన్యువల్ ఫీజు మిగతా డాట్ కామ్ పేర్ల మాదిరిగానే ఉంటుంది. డాట్ కామ్ టోకు ధరకు ఒప్పందంలోనే పరిమితి ఉంది. పేరు ఎంత అందమైనదైనా, ఎంత చిన్నదైనా వెరిసైన్ అన్నిటికీ ఒకే ధర తీసుకోవాలి. 2021 దాకా 7.85 డాలర్లుగా ఉన్న ఆ ధర విడతల వారీగా పెరిగి, 2024 సెప్టెంబరుకు 10.26 డాలర్లకు చేరింది.

రెండో రకం, రిజిస్ట్రీయే మొదటి ఏడాదికి ఎక్కువ ధర పెట్టి, ఆ తర్వాత మామూలు రెన్యువల్ ఫీజు తీసుకునే పేర్లు.

మూడో రకమే ప్రమాదకరం. ఇందులో రిజిస్ట్రీ ఒక్కో పేరును ఒక్కో ధర శ్రేణిలో పెడుతుంది. ఏటా రెన్యువల్‌కు కూడా ఆ శ్రేణి ధరే కట్టాలి. దానికి తోడు మొదటి ఏడాది డిస్కౌంట్ ఇస్తే అసలు ధర కంటికి ఆనదు.

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. గుంటూరులోని ఒక పచ్చళ్ల వ్యాపారి తన సరుకుకు సరిపోయే ఒంటి పదం పేరును ఆఫర్‌లో 1,000 రూపాయలకు తీసుకున్నారనుకుందాం. రెన్యువల్ ఏడాదికి 25,000 రూపాయలు. పదేళ్లలో ఆ పేరుకు అయ్యే ఖర్చు 2,26,000 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. బిల్లు డాలర్లలో ఉంటే, రూపాయి పడిపోయినప్పుడల్లా ఆ భారం ఇంకాస్త పెరుగుతుంది.

కొత్త ఎక్స్‌టెన్షన్లతో మారిన ఆట

ఈ పద్ధతి విస్తరించింది 2012 తర్వాతే. డాట్ కామ్‌లో మంచి పేర్లన్నీ అయిపోయాయన్న వాదన నేపథ్యంలో ఐకాన్ ఆ ఏడాది కొత్త ఎక్స్‌టెన్షన్లకు దరఖాస్తులు పిలిచింది. ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్ల ఫీజు పెట్టినా 1,930 దరఖాస్తులు వచ్చాయి. 2013 నుంచి డాట్ ఆన్‌లైన్, డాట్ షాప్, డాట్ ఎక్స్‌వైజెడ్ వంటివి వందల సంఖ్యలో అందుబాటులోకి వచ్చాయి. వీటి ఒప్పందాల్లో డాట్ కామ్‌కు ఉన్నట్టు ధరలపై పరిమితి లేదు.

రిజిస్ట్రీల వాదనలోనూ కొంత న్యాయం ఉంది. దరఖాస్తు ఫీజు కాక, ఐకాన్‌కు ఏటా స్థిర రుసుము కట్టాలి. సాంకేతిక వ్యవస్థను నడపాలి. మంచి పేర్లను మామూలు ధరకే వదిలేస్తే మొదటి రోజే దళారులు ఎగరేసుకుపోయి, పదింతలకు అమ్ముకుంటారు. ఏటా ఎక్కువ ఫీజు ఉంటే పేర్లను వాడకుండా దాచిపెట్టుకోవడం గిట్టుబాటు కాదు. ఆ పేరు నిజంగా అవసరమైన వారికే దక్కుతుంది. ఇదీ వాటి మాట.

అయితే ఆ పేరుకు కాలక్రమంలో విలువ తెచ్చేది దాన్ని వాడుకునే వ్యాపారి. గూగుల్ వెతుకులాటలో స్థానం, కస్టమర్ల జ్ఞాపకం, పాత లింకులు, బ్యాంకులకూ ప్రభుత్వ శాఖలకూ ఇచ్చిన ఈమెయిల్ చిరునామా, అన్నీ ఆ పేరుకే ముడిపడి ఉంటాయి. ఎంత ఎదిగితే దాన్ని వదులుకోవడం అంత కష్టం. చిరునామా మార్చడం పెద్ద సంస్థలకూ చిన్న పని కాదు. బ్యాంకులన్నీ ‘బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మారాలని 2025 ఏప్రిల్‌లో ఆదేశించిన రిజర్వ్ బ్యాంక్, అందుకు అక్టోబరు 31 వరకు గడువిచ్చింది. ఆ పేర్ల నమోదు బాధ్యతను హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. ఐటీ విభాగాలున్న బ్యాంకులకే అన్ని నెలల వ్యవధి ఇవ్వాల్సి వస్తే, ఒక చిన్న దుకాణదారుడి పరిస్థితి ఊహించవచ్చు.

నియమం ఉంది, మినహాయింపూ ఉంది

కొత్త ఎక్స్‌టెన్షన్ల రిజిస్ట్రీలతో ఐకాన్ చేసుకున్న ప్రామాణిక ఒప్పందంలో 2.10 అనే క్లాజు ఉంది. దాని ప్రకారం రెన్యువల్ ధర పెంచాలంటే రిజిస్ట్రార్లకు 180 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ లోపు పాత ధరకే పదేళ్ల వరకు రెన్యువల్ చేసుకునే అవకాశం కల్పించాలి. ఒక ఎక్స్‌టెన్షన్‌లోని పేర్లన్నిటికీ రెన్యువల్ ధర ఒకేలా ఉండాలని కూడా అందులో ఉంది.

మరి ప్రీమియం రెన్యువల్ ఎలా సాధ్యమవుతోంది? అదే క్లాజులోని మినహాయింపు వల్ల. మొదటిసారి నమోదు చేసేటప్పుడే రెన్యువల్ ధర ఎక్కువగా ఉంటుందని స్పష్టంగా, కళ్లకు కనిపించేలా తెలియజేసి, వినియోగదారుడి అంగీకారం తీసుకుంటే ఒకే ధర నియమం వర్తించదు. ఆ ‘అంగీకారం’ ఆచరణలో చాలాసార్లు ఎవరూ చదవని షరతుల కింద ఉండే ఒక టిక్కు గుర్తు. ఇక 180 రోజుల నోటీసు వెళ్లేది రిజిస్ట్రార్‌కు. అది వినియోగదారుడి దాకా ఎంత త్వరగా చేరుతుందన్నది ఆ కంపెనీ తీరును బట్టి ఉంటుంది.

ధర ఎంత పెంచవచ్చన్న దానికి ఇందులో పరిమితి లేదు. 2017లో యూనిరిజిస్ట్రీ అనే సంస్థ తన ఎక్స్‌టెన్షన్లలో కొన్నింటి ధరలను అనేక రెట్లు పెంచుతున్నట్లు ప్రకటించింది. దాదాపు 20 డాలర్లున్న డాట్ హోస్టింగ్ పేరు 300 డాలర్ల స్థాయికి చేరుతుందని తేలడంతో, గోడాడీ ఆ సంస్థ ఎక్స్‌టెన్షన్లను కొత్తగా అమ్మడం ఆపేసింది. అంతకు రెండేళ్ల ముందు డాట్ సక్స్ పేర్లకు ట్రేడ్‌మార్క్ యజమానుల నుంచి ఏడాదికి రెండు వేల డాలర్లకు పైగా వసూలు చేయబోతున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి. అప్పుడు ఐకాన్ చేసింది, అది చట్టవిరుద్ధమేమో చూడాలని అమెరికా, కెనడా ప్రభుత్వ సంస్థలకు లేఖలు రాయడమే.

భారత చట్టం ఏం చెబుతోంది?

డొమైన్ పేరు కేవలం చిరునామా కాదని, వ్యాపార గుర్తింపుగా దానికి రక్షణ ఉంటుందని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే అది పేరును ఇతరులు దుర్వినియోగం చేయకుండా కాపాడే తీర్పు. రెన్యువల్ ధరల సంగతి వేరు.

ధర దాచిపెట్టడంపై మాత్రం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో తెచ్చిన ‘డార్క్ ప్యాటర్న్స్’ మార్గదర్శకాలు పనికొస్తాయి. అవి నిషేధించిన 13 పద్ధతుల్లో, ధరలోని భాగాలను ముందే చెప్పకపోవడం ఒకటి. చందా నుంచి బయటపడటాన్ని కష్టతరం చేయడం మరొకటి. భారత్‌లో సేవలు అమ్మే వేదికలకు ఇవి వర్తిస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

డాట్ ఇన్ పేర్లను ప్రభుత్వ ఆధ్వర్యంలోని నిక్సీ నిర్వహిస్తుంది. తెలుగు లిపిలోని డాట్ భారత్ కూడా దాని పరిధిలోదే. దేశాల ఎక్స్‌టెన్షన్లు కాబట్టి వీటికి 2.10 క్లాజు వర్తించదు. ధరలు, నియమాలు నిక్సీవే.

జాగ్రత్తలు ఏమిటి?

పేరు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది మొదటి ఏడాది ధర కాదు, రెండో ఏడాది ధర. బిల్లు కట్టే ముందు ‘రెన్యువల్’ అన్న పదం పక్కన ఉన్న అంకెను చూడాలి. అది లేకపోతే కస్టమర్ కేర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబును, ఆ పేజీ స్క్రీన్‌షాట్‌ను దాచుకోవాలి. మొదట ఒప్పుకున్న ధర ఏమిటన్న వివాదం వస్తే అవే ఆధారాలు.

డొమైన్ ఖాతా వెబ్‌సైట్ తయారు చేసిన డిజైనర్ పేరున కాకుండా యజమాని పేరున, యజమాని ఈమెయిల్‌తో ఉండాలి. ఐకాన్ నిబంధనల ప్రకారం గడువుకు సుమారు నెల ముందు, వారం ముందు రిజిస్ట్రార్ గుర్తు చేయాలి. పాత ఈమెయిల్‌కు వెళ్లిన నోటీసు వల్ల ప్రయోజనం ఉండదు.

ఆటో రెన్యువల్ పెట్టాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు. కార్డుల ద్వారా ఏటా దానంతట అదే జరిగే చెల్లింపు 15,000 రూపాయలు దాటితే, రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం సాధారణంగా ప్రతిసారీ ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ కావాలి. ప్రీమియం రెన్యువల్ ఇక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. గడువు దాటాక రిజిస్ట్రార్‌ను బట్టి కొన్ని రోజుల వెసులుబాటు, రద్దయ్యాక అదనపు రుసుముతో తిరిగి పొందేందుకు 30 రోజుల వ్యవధి ఉంటాయి. అవీ దాటితే పేరు మళ్లీ బజారులోకి వస్తుంది. మామూలు ధరకు తీసుకున్న పేరును కూడా అప్పుడు రిజిస్ట్రీ ప్రీమియం జాబితాలో పెట్టవచ్చు.

ఇప్పటికే ఏటా ప్రీమియం కడుతున్నవారు పదేళ్ల ఖర్చును ఒకసారి లెక్కేసుకోవడం మంచిది. ఆ మొత్తానికి సెకండ్ హ్యాండ్‌లో ఒక మంచి డాట్ కామ్ లేదా డాట్ ఇన్ పేరే దొరకవచ్చు. మారాలనుకుంటే పాత పేరును వెంటనే వదలకుండా, ఒకటి రెండేళ్లు ఉంచుకుని సందర్శకులను, ఈమెయిళ్లను కొత్త చిరునామాకు మళ్లించాలి.

ఐకాన్ మరో విడత కొత్త ఎక్స్‌టెన్షన్లకు 2026 ఏప్రిల్‌ను దరఖాస్తుల ప్రారంభానికి ఎంచుకుంది. ఈసారి దరఖాస్తు ఫీజు 2,27,000 డాలర్లు. అంత పెట్టుబడి పెట్టేవారు దాన్ని తిరిగి రాబట్టుకునేది పేర్లు తీసుకునేవారి నుంచే. కొత్త పేర్లు ఎన్ని వచ్చినా, నమోదుకు ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: వచ్చే ఏడాది ఎంత కట్టాలి?