గంటము గడప దాటిన కథ

యంత్రముల చరిత్రలు వ్రాయువారు సాధారణముగా ఆవిష్కర్త మనస్సున తొలి యూహ పొడమిన క్షణమును ఘనముగా వర్ణించి, ఒక యింటి యవసరమునకై పుట్టిన ఆ యంత్రము ఆ యింటి గోడలను, కట్టుబాట్లను విడిచి పదిమందికి పనికివచ్చునట్లు తీర్చబడిన దీర్ఘమైన నడిమికాలమును రెండు మాటలలో దాటివేయుదురు. నా మట్టునకు ఆ నడిమికాలమే అసలు కథ. ఇప్పుడు చెప్పబోవు యంత్రములో ఇనుము లేదు, ఆవిరి లేదు. వెబ్ పుటలోని పెట్టెయందు ఇంగ్లీషు మీటలు నొక్కగా తెలుగక్షరములు పడునట్లు చేయు చిన్న సాఫ్ట్‌వేరు పరికరమది. దాని పేరు జేక్వెరీ ఐ.ఎం.ఇ.

దాని యవసరమెట్లు కలిగెనో తెలియుటకు ముందుగా విజయవాడకు పోవలెను. అది అచ్చుపనికి పేరుపడిన పట్టణము. 1960 జూలైలో నార్ల వేంకటేశ్వరరావుగారి సంపాదకత్వమున ఆంధ్రజ్యోతి దినపత్రిక వెలువడినది ఇచ్చటినుండియే. సీసపు అక్షరములు మూలబడి కంప్యూటర్లు వచ్చిన పిమ్మట ఊరినిండ డీటీపీ సెంటర్లు వెలసి, అను స్క్రిప్టు, శ్రీలిపి వంటి సాధనములతో పాఠ్యపుస్తకములు మొదలు శుభలేఖల వరకు సమస్తమును అచ్చట కూర్చబడుచుండెను. ఆ కూర్పు కంటికి తెలుగే గాని యంత్రమునకు తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరములకును, విరామచిహ్నములకును కేటాయింపబడిన సంఖ్యలకే ఫాంటు తెలుగు ముక్కల వేషము వేయుచుండెను. తలకట్టునకొక సంఖ్య, గుడికొక సంఖ్య, వత్తునకొక సంఖ్య; ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరచినచో అర్థములేని గుర్తుల గుంపు తప్ప మరేమియు కనబడదు. వార్తాపత్రికలు ఇంటర్నెట్టున కెక్కిన తొలిదినములలో ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఫాంటును, ఒక్కొక్క సంఖ్యాక్రమమును వాడెను గనుక, ఒక పత్రికలోని వాక్యమును తీసి మరియొకచోట అతికించుట దుర్ఘటమై యుండెను.

ఈ చిక్కునకు శాస్త్రీయమైన పరిష్కారము యూనికోడు, అనగా ప్రతి లిపిలోని ప్రతి అక్షరమునకును తనదైన సంఖ్య నిచ్చు ప్రమాణము. 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగునకు 128 స్థానముల ఖండము లభించెను. కాని అక్షరమునకు సంఖ్య యున్నంతమాత్రమున అది వ్రేలికొసకు రాదు. భారత ప్రభుత్వము ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్టు కీబోర్డు ఎంత యుక్తియుక్తమైనదైనను దానిని నేర్చినవారు కొలదిమంది; లోకమున నున్న కీబోర్డులన్నిటిపైనను ఇంగ్లీషు అక్షరములే కదా.

అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ మున్నగువారు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతి, తెలుగును ఇంగ్లీషు లిపిలో ఏ అక్షరమునకు ఏ మీట యను నియమముతో వ్రాయుటకు ఒక సంప్రదాయము నేర్పరచెను. అటుపిమ్మట వెన్న నాగార్జున 'పద్మ' యను పరికరమును నిర్మించెను. పత్రికల వేషపు ఫాంట్లలోని పాఠమును యూనికోడులోనికి మార్చి బ్రౌజరులో చూపుట దాని ముఖ్యకార్యము. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినదియు ఈయనయే. పద్మ కోడు స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడినందున, వీవెన్ దానిని ఆధారముగా గొని 2006లో 'లేఖిని' యను వెబ్ పుటను నిలిపెను. ఒక పెట్టెలో ఇంగ్లీషు లిపిలో వ్రాసిన, మరియొక పెట్టెలో తెలుగు వచ్చును. ఆ కాలపు వికీపీడియా రచయితలు అనేకులు లేఖినిలో వాక్యము వ్రాసి, నకలు తీసి, వికీలో అతికించి, మరల లేఖినికి వచ్చుచు వ్యాసములు నింపిరి. ఈ ఓర్పునకు తగిన ప్రశంస మన సాహిత్యచరిత్రలలో ఇంకను దొరకలేదు.

ఇట్టి యాతన తెలుగువారికి మాత్రమే కాదు. మలయాళ వికీపీడియా కార్యకర్తలు తమ పుటలోనే, పెట్టె మారకుండ, నేరుగా మలయాళము వ్రాయుటకు చేసికొన్న స్క్రిప్టు పెరిగి పెద్దదై 'నారాయం' అను పొడిగింపుగా మారి, 2011 నుండి ఇతర భాషల వికీలకును ప్రాకెను. నారాయమనగా తాటియాకుపై వ్రాయు గంటమే. ఈ గంటము మీడియావికీ యను యింటిలో పుట్టినది. వికీపీడియాను నడపు సాఫ్ట్‌వేరు అదియే. మీడియావికీ కోడంతయు మొదటినుండియు బహిరంగమే. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. అయినను, విజయవాడలో ఒక గ్రంథాలయము తన పుస్తకముల పట్టికకు తెలుగులో వెదకు పెట్టె కావలెనని నారాయమును తెచ్చుకొనదలచినచో, దానితోపాటు మీడియావికీని సమస్తమును తెచ్చి తన యింట కాపురముంచవలసివచ్చును. లైసెన్సు తలుపు తీసియుంచినది. కట్టడము తలుపు మూసియుంచినది. ఓపెన్ సోర్సు గూర్చి మాటలాడువారు మొదటి దానిని గూర్చి ఉపన్యసించినంతగా రెండవదానిని గూర్చి ఆలోచింపరని నాకు తోచును.

రెండవ తలుపును తెరచు పని 2012లో జరిగెను. వికీమీడియా ఫౌండేషను భాషాసాంకేతిక బృందమువారు, అందు సంతోష్ తొట్టింగల్, నిక్లాస్ లాక్స్‌ట్రోమ్, అమీర్ అహరోని ప్రభృతులు, తమ యింటిలోని భాషాసాధనములను విడదీసి నాలుగు స్వతంత్ర లైబ్రరీలుగా చేయ సంకల్పించి ఆ ప్రయత్నమునకు 'మిల్క్‌షేక్' అని పేరిడిరి. (పేరు పెట్టినవారి రుచిని ప్రశ్నింప నేనెవ్వడను!) టైపు చేయుట కొకటి (అదియే మన జేక్వెరీ ఐ.ఎం.ఇ.), పుటలోని మాటలను అనువదించుట కొకటి, భాషను ఎన్నుకొనుట కొకటి, ఫాంట్లను పంపుట కొకటి. అన్నియు జాన్ రెసిగ్ 2006లో వెలువరించిన జేక్వెరీ యను జావాస్క్రిప్టు లైబ్రరీ మీద ఆధారపడినవి. నాటికి అసంఖ్యాకములైన వెబ్‌సైట్లలో జేక్వెరీ యుండుటచే, దానిని ఆశ్రయించుట లోకమును ఆశ్రయించినట్లే యయ్యెను.

కృష్ణా డెల్టాలో నారు తీయుట చూచినవారికి ఈ పని స్వభావము చెప్పనక్కరలేదు: మొక్కను పెరుకుట సులభము, వేరు తెగకుండ మన్ను మాత్రము విడిపించుటయే నేర్పు. నారాయము అడుగడుగున ఇంటివారిని పిలుచుచుండెను. తన మెనూను పుట నెత్తిన నున్న వాడుకరి పట్టీకి తగిలించెను; తన మాటల అనువాదములను మీడియావికీ సందేశములనుండి తెచ్చుకొనెను; తన ఫైళ్లను మీడియావికీ పద్ధతిలోనే దింపుకొనెను. వీనిలో నేది పరికరమునకు ప్రాణము, ఏది యింటి యలవాటు అని ఒక్కొక్క పంక్తిని పరీక్షించి విడదీయవలెను.

ప్రాణము ఎంత చిన్నదో చూచిన ఆశ్చర్యము గలుగును. 'కాలువ' అను మాటను తీసికొందము. వ్రాయువాడు 'కె' మీట నొక్కును. పరికరము ఆ లాటిను అక్షరమును పెట్టెలో పడనీయక, దాని స్థానమున పొల్లుతో గూడిన 'క్' ను ఉంచును. 'ఏ' నొక్కగా, కర్సరునకు ఎడమనున్న కొలది యక్షరములను వెనుదిరిగి చూచి, పొల్లును గాంచి, దానిని తొలగించును, 'క' మిగులును. మరల 'ఏ' నొక్కిన 'కా' యగును. 'ఎల్' తో 'ల్', 'యు' తో 'లు', 'వీ' తో 'వ్', తుది 'ఏ' తో 'వ'. 'క్' పిమ్మట 'హెచ్' వచ్చినచో ఆ 'క్' యే 'ఖ్' గా మారును. ఇందు యంత్రమునకు తెలుగు వ్యాకరణమేమియు తెలియదు. ఇట్టిది కనబడినచో అట్టిది ఉంచుము అను పంక్తుల పట్టిక యొకటి, ఎన్ని యక్షరముల వరకు వెనుకకు చూడవలెనో చెప్పు సంఖ్య యొకటి, అంతే. ఇన్‌స్క్రిప్టు పద్ధతికి మరియొక పట్టిక. కన్నడమునకు, తమిళమునకు, మరియే భాషకైనను వేరు పట్టికలు. నడుపు ఇంజను మాత్రము ఒక్కటే. వాడుకరి ఎన్నుకొన్న భాష పట్టిక మాత్రమే ఆ క్షణమున దిగుమతి యగును. తక్కినవి పుటకు బరువు కావు. పట్టికలు ఎచ్చటనున్నవో ఆతిథ్యమిచ్చు వెబ్‌సైటే చెప్పవలెను. దానికై ఒక దారి యమరికను వదలిరి.

నాకు మిక్కిలి నచ్చిన పంక్తులు అభిరుచులను భద్రపరచు ఫైలులో నున్నవి. వాడుకరి నిన్న ఏ భాషలో, ఏ పద్ధతిలో వ్రాసెనో జ్ఞాపకముంచుకొనుట ప్రతి సైటునకును అవసరమే. మీడియావికీలో నైన దానికి ఇంటి యేర్పాట్లు కలవు. బయట ఎవరి పద్ధతి వారిది. అందుచేత 'భద్రపరచు', 'తెచ్చు' అను రెండు ఫంక్షనులను పెట్టి, లోపల ఏమియు వ్రాయక, కుకీలలోనో బ్రౌజరు నిల్వలోనో దాచవలెనను సూచన మాత్రము వ్యాఖ్యగా నుంచి వదలివేసిరి. ఆ ఖాళీని ఎవరి యింటివారు వారు నింపుకొందురు. వికీపీడియావారును బయటివారివలెనే వచ్చి తమ భాగమును నింపుకొనిరి. తెలిసిన దానిని వ్రాయకుండుటకు ఇంజనీరునకు గొప్ప నిగ్రహము కావలెను.

లైసెన్సు విషయమున రెండు దారులు చూపిరి: జి.పి.ఎల్. కావలసినవారు దానిని, ఎం.ఐ.టి. కావలసినవారు దానిని గ్రహింపవచ్చును. జి.పి.ఎల్. కోడును కలుపుకొని పంచిన కృతి కూడ అదే లైసెన్సుతో పోవలయునని శాసించును; వాణిజ్యసంస్థలు ఇచ్చట జంకును. ఎం.ఐ.టి. లైసెన్సు రచయితల కాపీరైటు ప్రకటనను, లైసెన్సు పాఠమును నిలిపిన చాలునను. కోడును గిట్‌హబ్‌లో నుంచుటయు ఇట్టి మర్యాదయే. వికీమీడియా సొంత సమీక్షా వ్యవస్థను నేర్చుకొను శ్రమ క్రొత్తవారికి తప్పెను. ప్రతి భాషకును పరీక్షలు చేర్చిరి: ఈ మీటలు నొక్కిన ఈ యక్షరములు రావలెను అని జంటలు జంటలుగా. తెలుగు చదువురాని సమీక్షకుడు సైతము తెలుగు పట్టికకు వచ్చిన మార్పును ఈ జంటల బలముననే అంగీకరింపగలడు.

2013 నడిమినెలలలో ఈ లైబ్రరీలతో నిర్మించిన భాషాఎంపిక పరికరము వికీపీడియాలలో నారాయము స్థానము నాక్రమించెను. అంతయు సుఖాంతము కాలేదు. అదే పరికరముతో వచ్చిన ఫాంటులు పుటలను బరువెక్కించుచున్నవను కారణమున 2014 జనవరిలో పలు వికీలలో దానిని అప్రమేయముగా ఆపివేసి, కోరినవారే తెరచుకొనునట్లు చేసిరి. తెలుగునకు ఫాంటుల కరవు తీరుచున్న కాలమది. కృష్ణా జిల్లా నిమ్మకూరున జన్మించిన నందమూరి తారక రామారావు పేరిట 'ఎన్.టి.ఆర్.' ఫాంటుతో సహా సిలికానాంధ్రవారి ఫాంటులు స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడుచుండెను. కాని ఒక్కొక్క ఫాంటు తెలుగు సంయుక్తాక్షరముల భారముచే ఇంగ్లీషు ఫాంటుకంటె ఎంతో పెద్దదగును, దానిని నెమ్మదియైన కనెక్షనుపై ప్రతి చదువరికి పంపుట న్యాయమా యను ప్రశ్న అన్యాయమైనది కాదు.

మరుసటి నెల, ఫిబ్రవరిలో, తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవములు విజయవాడ కె.బి.ఎన్. కళాశాలలో జరిగెను. ఇదే జిల్లాలో పెనుగంచిప్రోలున జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము అకారముతోనే నిలిచిపోయెనని తెలిసినవారికి ఆ యుత్సవస్థలము ఉచితముగనే తోచియుండును. తరువాతి కాలమున ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు కూడ వికీపీడియాలో వ్రాయ మొదలిడిరి. కంట్రోల్, ఎం మీటలు కలిపి నొక్కి ఇంగ్లీషునుండి తెలుగునకు, తెలుగునుండి ఇంగ్లీషునకు మారుట వికీ రచయితలకు చేతి యలవాటయ్యెను.

నేడు ఫోనులలో తెలుగు కీబోర్డులు సహజముగనే లభించుచున్నవి. జేక్వెరీ ప్రాభవమును తగ్గినది. వికీమీడియావారు తమ క్రొత్త పుటలకు వ్యూ అను చట్రముపై 'కోడెక్స్' అను పరికరసముదాయమును నిర్మించుకొనిరి. మిల్క్‌షేక్‌లోని అనువాద లైబ్రరీకి జేక్వెరీతో పనిలేని క్రొత్త రూపము 'బనానా' అను పేర వెలువడినది, అనగా ఇల్లు విడిచిన సాధనము ఈమారు స్నేహితుని యింటినికూడ విడిచెను. ఐ.ఎం.ఇ. మాత్రము పేరులోనే జేక్వెరీని మోయుచున్నది. అయినను దాని తెలుగు పట్టికలు జేక్వెరీ నెరుగవు. అవి వట్టి పంక్తులు, ఏ క్రొత్త ఇంజనునకైనను అప్పగింపదగినవి.