ఊరు గెలిచింది... చట్టం ఆగింది!

బావి నీళ్లు పాడయ్యాయంటూ కొందరు ఆదివాసీ ఆడవాళ్లు ఓ శీతలపానీయాల ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఫ్యాక్టరీ ఆగిపోయింది. జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించేందుకు రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా బిల్లును ఆమోదించింది. అయినా అది చట్టం కాలేదు. కేరళలోని ప్లాచిమడ కథ ఇది.

కేరళ అనగానే కొబ్బరిచెట్లు, పడవలు తిరిగే కాలువలు, ఎడతెరిపి లేని వానలు గుర్తొస్తాయి. కానీ ఆ రాష్ట్రంలోనూ చినుకు కోసం ఆకాశం వంక చూసే ప్రాంతం ఒకటుంది. పాలక్కాడ్ జిల్లాలో తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న చిత్తూరు తాలూకా అది. (మన చిత్తూరు కాదు, కేరళకీ ఓ చిత్తూరు ఉంది!) ఆ తాలూకాలోని పెరుమాట్టి పంచాయతీలో చిన్న పల్లె ప్లాచిమడ. ఎరవాళర్, మలసర్ తెగల ఆదివాసీలు, చిన్న రైతులు, రెక్కాడితేగానీ డొక్కాడని కూలీలు... వీళ్లే అక్కడి జనం. పొలానికైనా ఇంటికైనా బావే ఆధారం.

2000 సంవత్సరంలో ఆ ఊరికి ఫ్యాక్టరీ వచ్చింది. హిందుస్థాన్ కోకాకోలా బెవరేజెస్ సంస్థ 34 ఎకరాల్లో కట్టిన ప్లాంటు అది. జనవరిలో పంచాయతీ లైసెన్సు ఇచ్చింది. మార్చిలో ఉత్పత్తి మొదలైంది. ఊళ్లో నలుగురికీ పని దొరుకుతుందని అందరూ సంతోషించారు. శీతలపానీయం తయారీకి అన్నిటికన్నా ముందు కావలసింది నీళ్లు. సీసాలు కడగాలన్నా నీళ్లే. ఆ నీటిని బోర్లు వేసి భూమిలోంచే తోడారు.

వండిన అన్నం పాడయ్యేది

కొన్నాళ్లకే బావుల్లో తేడా కనిపించింది. కొన్నిట్లో నీటిమట్టం పడిపోయింది. కొన్నిట్లో నీళ్లు ఉన్నా నోట పెట్టుకోలేనంతగా మారిపోయాయి. వాటితో వండిన అన్నం త్వరగా పాడవుతోందనీ, స్నానం చేస్తే ఒళ్లు దురదలు పెడుతోందనీ, కళ్లు మండుతున్నాయనీ ఆడవాళ్లు చెప్పేవారు. 2003లో స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కూడా ఆ నీరు తాగడానికి పనికిరాదని తేల్చింది.

మరి తాగేదేంటి? బిందె చంకన పెట్టుకుని కిలోమీటర్ల కొద్దీ నడవడమే. నీళ్లు తేవడానికే సగంరోజు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. పర్యావరణ నష్టం అంటే మనకు అడవులూ, పులులూ, పొగగొట్టాలూ గుర్తొస్తాయి. ప్లాచిమడ ఆడవాళ్లకు అది పోయిన కూలి రూపంలో ఎదురైంది.

అక్కడితో అయిపోలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే మడ్డిని పొలాలకు ఎరువంటూ చుట్టుపక్కల రైతులకు ఇచ్చారు. 2003లో బీబీసీ రేడియో విలేకరులు ఆ మడ్డిని బ్రిటన్‌లో పరీక్ష చేయిస్తే సీసం, కాడ్మియం లాంటి విషపూరిత లోహాలు ఉన్నట్టు తేలింది. కంపెనీ మాత్రం మొదటి నుంచీ ఆరోపణలను ఒప్పుకోలేదు. వానలు సరిగా పడకపోవడం వల్లే నీటి కొరత వచ్చిందనీ, తమ ప్లాంటు వల్ల కాదనీ వాదించింది.

ముందు నిలిచిన మయిలమ్మ

2002 ఏప్రిల్ 22న ఫ్యాక్టరీ ఎదుట పందిరి వేసుకుని ధర్నా మొదలుపెట్టారు. ఆదివాసీ నాయకురాలు సీకే జాను దాన్ని ప్రారంభించారు. ఊళ్లో ఆ ధర్నాకు ముఖంగా నిలిచింది మయిలమ్మ. ఎరవాళర్ తెగకు చెందిన ఆమె బడికి వెళ్లలేదు. అప్పటికే అరవై దాటిన మనిషి. నీళ్ల గురించి ఆమెకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, రోజూ తోడేది ఆమే కదా!

అయితే ఊరూవాడా మొదటి రోజు నుంచే ఒక్కమాట మీద ఉందనుకుంటే పొరపాటే. ఫ్యాక్టరీ జీతం మీద బతికే కుటుంబాలూ అక్కడే ఉన్నాయి. పెద్ద పార్టీలు మొదట్లో దూరంగా నిలబడి చూశాయి. అరెస్టులు జరిగాయి. అయినా పందిరి తియ్యలేదు. నెలలు గడిచేకొద్దీ బయటి నుంచి మద్దతు పెరిగింది. 2004 జనవరిలో అక్కడ ప్రపంచ జలసదస్సు జరిగితే వందనా శివ, కెనడాకు చెందిన మాడ్ బార్లో లాంటివాళ్లు తరలివచ్చారు. మయిలమ్మ 2007 జనవరిలో కన్నుమూశారు. పరిహారం అన్న మాట కాగితం మీదికి రావడానికి అప్పటికింకా మూడేళ్ల సమయం ఉంది.

లైసెన్సు ఇచ్చిన చేత్తోనే...

ఈ కథలో మలుపు తిప్పింది ఓ గ్రామ పంచాయతీ. లైసెన్సు ఇచ్చిన పెరుమాట్టి పంచాయతీయే 2003 ఏప్రిల్‌లో దాన్ని పొడిగించేది లేదంది. ప్రజలకు తాగునీరు లేకుండా పోతోందన్నది కారణం. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఆదాయం పోతుందని తెలిసీ తీసుకున్న నిర్ణయమది. వ్యవహారం ప్రభుత్వానికీ, అక్కడి నుంచి హైకోర్టుకూ చేరింది.

కోర్టు ముందుకొచ్చిన ప్రశ్న చూడ్డానికి చిన్నదే. నా స్థలంలో నేను బోరు వేసుకుంటే, ఆ నీళ్లన్నీ నావేనా?

2003 డిసెంబరు 16న జస్టిస్ కె.బాలకృష్ణన్ నాయర్ ఇచ్చిన తీర్పు ‘కాదు’ అంది. భూగర్భ జలం ప్రజలందరిదీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అని ఆయన చెప్పారు. గుడి ఆస్తిని ధర్మకర్త అమ్ముకోలేడు కదా, అలాగన్నమాట. 34 ఎకరాల రైతు సాగుకు ఎంత నీరు వాడుకుంటాడో కంపెనీ కూడా అంతే తోడుకోవాలి, మిగతాది వేరేచోట చూసుకోవాలన్నారు.

2005 ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని తిరగరాసింది. స్థలం యజమానికి సహేతుకమైన పరిమితిలో నీరు తోడుకునే హక్కు ఉంటుందనీ, నిపుణుల నివేదిక ప్రకారం మామూలుగా వానలు పడే ఏడాది రోజుకు 5 లక్షల లీటర్లు తీసుకోవచ్చనీ చెప్పింది. పంచాయతీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. కానీ ఈలోగానే కరవు కారణంగా రాష్ట్ర ప్రభుత్వం నీటి వాడకంపై ఆంక్షలు పెట్టడంతో 2004 మార్చిలో ప్లాంటు ఆగిపోయింది. మళ్లీ నిలదొక్కుకోలేదు. ఇక అక్కడ ఉత్పత్తి చేసే ఉద్దేశం లేదని 2017 జులైలో కంపెనీయే సుప్రీంకోర్టుకు చెప్పడంతో ఆ కేసు ముగిసింది.

అంటే, నీళ్లు ఎవరివన్న ప్రశ్నకు దేశం మొత్తానికి వర్తించే జవాబు ఈ కేసులో రాలేదు. ఊరికి కావలసింది మాత్రం దక్కింది.

రూ.216 కోట్ల లెక్క

ఫ్యాక్టరీ ఆగింది సరే, పోయిన పంటల సంగతేంటి? ఖర్చైన మందుల సంగతేంటి? ఈ ప్రశ్నతో ఉద్యమం రెండో దశకు చేరింది. ఒత్తిడి పెరగడంతో కేరళ ప్రభుత్వం అదనపు ప్రధాన కార్యదర్శి కె.జయకుమార్ అధ్యక్షతన ఉన్నతస్థాయి కమిటీ వేసింది. వ్యవసాయం, నీరు, ఆరోగ్యం... ఒక్కో విషయాన్నీ పరిశీలించి, 2010 మార్చిలో కమిటీ తన లెక్క చెప్పింది. మొత్తం నష్టం రూ.216.26 కోట్లు!

అందులో వ్యవసాయ నష్టం రూ.84.16 కోట్లు. నీటి వనరులు కలుషితమైనందుకు రూ.62.10 కోట్లు. ఆరోగ్యం దెబ్బతిన్నందుకు రూ.30 కోట్లు. తాగునీరు సరఫరా చేయడానికి రూ.20 కోట్లు. పోయిన కూలీలు, చేజారిన అవకాశాలకు రూ.20 కోట్లు. నీళ్లకోసం నడిచిన నడకకూ సర్కారు లెక్కలో చోటు దొరకడం చిన్న విషయం కాదు. ‘నష్టం చేసినవాళ్లే దాన్ని భరించాలి’ అనే సూత్రం ప్రకారం ఈ మొత్తాన్ని కంపెనీ నుంచే రాబట్టాలని కమిటీ చెప్పింది.

రాబట్టడం ఎలా? ఒక్కో కూలీ ఒక్కో కేసు వేసి, లాయర్లను పెట్టుకుని, ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలంటే అయ్యే పనేనా? అందుకే ప్లాచిమడ బాధితుల దరఖాస్తులు విని పరిహారం తేల్చడానికి ప్రత్యేక ట్రైబ్యునల్ ఉండాలన్నారు. వీఎస్ అచ్యుతానందన్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 2011 ఫిబ్రవరి 24న కేరళ శాసనసభ ఆ బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది. ఒకరంటే ఒకరికి పడని పక్షాలన్నీ ఆ రోజు ఒకటయ్యాయి. ఇక పని అయిపోయిందనే అనుకున్నారంతా.

ఢిల్లీకి వెళ్లిన బిల్లు

శాసనసభ ఆమోదించినంత మాత్రాన బిల్లు చట్టం కాదు. గవర్నరు సంతకం కావాలి. గవర్నరు కావాలనుకుంటే దాన్ని రాష్ట్రపతి పరిశీలనకు పంపొచ్చు. కేంద్ర చట్టంతో తగువు వచ్చే అవకాశం ఉందనిపించిన బిల్లులు సాధారణంగా ఆ దారి పడతాయి. రాష్ట్రపతి ఆమోదిస్తే ఆ రాష్ట్రం వరకూ ఆ చట్టమే చెల్లుతుంది. ప్లాచిమడ బిల్లు కూడా ఢిల్లీ బండెక్కింది.

అక్కడ వచ్చిన అభ్యంతరం ఏమిటంటే... పర్యావరణ నష్టాల కేసులు వినడానికి జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉంది. పార్లమెంటు 2010లో చేసిన చట్టం ప్రకారం ఏర్పడిందది. మళ్లీ రాష్ట్రం వేరే ట్రైబ్యునల్ పెట్టడమెందుకు? ఆ అధికారం రాష్ట్రానికి ఉందా? నీరు, వ్యవసాయం, ప్రజారోగ్యం రాష్ట్రాల పరిధిలోనివే కాబట్టి తమకు అధికారం ఉందన్నది కేరళ జవాబు.

వినడానికి రెండు వాదనలూ సబబుగానే ఉంటాయి. కానీ ఇక్కడో మెలిక ఉంది. హరిత ట్రైబ్యునల్ చట్టం ప్రకారం పరిహారం కోరేవాళ్లు నష్టానికి కారణం మొదట తలెత్తిన ఐదేళ్లలోపు దరఖాస్తు చేయాలి. మహా అయితే మరో 60 రోజుల గడువు దొరుకుతుంది. ప్లాచిమడలో బావులు పాడైంది ఎప్పుడు? 2002కు ముందే. ఆ ట్రైబ్యునల్ ఏర్పడింది ఎప్పుడు? 2010 అక్టోబరులో. అంటే, ఆ తలుపు తెరుచుకునేనాటికే ప్లాచిమడ వాళ్లకు గడువు దాటిపోయింది! ‘మీకు వేరే చోటు ఉంది కదా’ అన్న మాట వాళ్ల విషయంలో అక్కరకు రానిది అందుకే.

దాదాపు ఐదేళ్ల నిరీక్షణ తర్వాత రాష్ట్రపతి ఆమోదం లేకుండానే బిల్లు కేరళకు తిరిగొచ్చింది. అప్పటినుంచీ ఉద్యమకారులు అడుగుతున్నది ఒకటే... అభ్యంతరాలు సరిచేసి కొత్తగా మరో చట్టం తెమ్మని. ప్రభుత్వాలు మారాయి, హామీలు వచ్చాయి. ఖాళీగా ఉన్న ఫ్యాక్టరీ ఆవరణ 2021లో కొన్నాళ్లు కొవిడ్ చికిత్స కేంద్రమైంది. ట్రైబ్యునల్ మాత్రం ఏర్పడలేదు.

మనకేంటి సంబంధం?

ఉంది. ఇంట్లోనో అపార్ట్‌మెంట్‌లోనో బోరు ఉన్న ప్రతివాళ్లకీ ఉంది. కేరళ భూగర్భ జలాల నియంత్రణ చట్టం 2002 నాటిది. దాని కిందే 2005లో చిత్తూరు బ్లాకును నీటిని అతిగా తోడేసిన ప్రాంతంగా ప్రకటించారు. అదే 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన ‘వాల్టా’... నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా బావి గానీ బోరు గానీ తవ్వకూడదన్న నిబంధన అందులో ఉంది. ఎంతమందికి తెలుసు? పక్కింటి బోరు కన్నా మరో వంద అడుగులు లోతుకు దింపే ముందు అనుమతి గురించి ఎంతమంది ఆలోచిస్తున్నాం?

చట్టం ఉన్నా పట్టించుకునేవాళ్లు లేకపోతే అది పుస్తకంలోనే ఉండిపోతుంది. ప్లాచిమడలో చట్టాలు పనిచేసిన ప్రతిసారీ వెనక ఎవరో ఒకరు పట్టుబట్టి కూర్చున్నారు. పంచాయతీ తీర్మానం చేసిందంటే గేటు దగ్గర జనం ఉన్నారు. కమిటీ వచ్చిందంటే రాజధానిలో ధర్నాలు జరిగాయి. బిల్లు ఊరు దాటి, రాష్ట్రం దాటి ఢిల్లీ వెళ్లాక మాత్రం ఆ పందిట్లోని ఆడవాళ్లకు దాని వెంట వెళ్లే దారి లేకపోయింది. ఊరి సమస్యను విని తీర్పు చెప్పే చోటు ఊరికి ఎంత దూరం జరిగితే, పేదవాడికి న్యాయం కూడా అంత దూరం జరుగుతుంది.

216 కోట్ల లెక్క మాత్రం సర్కారు కాగితాల్లో అలాగే ఉంది. ఆ లెక్క తప్పని ఎవరైనా అనొచ్చు, ఒప్పని నిరూపించనూవచ్చు. రెండు వైపులా కూర్చోబెట్టి వినడానికే కదా ట్రైబ్యునల్ అడిగింది. ప్లాచిమడ ఇప్పటికీ అడుగుతున్నది ఆ వినికిడినే.