పైన ప్రశాంతం.. లోపల కొండంత అల!

2021 ఏప్రిల్ 21. రంజాన్ నెల. ఇండోనేషియాలో జనం సెహ్రీకి లేచే వేళ. బాలి దీవికి ఉత్తరాన ‘కేఆర్‌ఐ నంగాలా-402’ జలాంతర్గామి టార్పెడో విన్యాసాల కోసం నీళ్లలోకి దిగింది. లోపల 53 మంది ఉన్నారు. ఆ తర్వాత దాని నుంచి జవాబు రాలేదు. సాయంగా మన విశాఖపట్నం నుంచి కూడా భారత నౌకాదళం ప్రత్యేక రక్షణ వాహనాన్ని పంపింది. అది చేరకముందే, 25న, 838 మీటర్ల లోతులో మూడు ముక్కలైన జలాంతర్గామి దొరికింది. ఒక్కరూ బతకలేదు.

తర్వాత అక్కడి నౌకాదళ అధికారులు ఒక అనుమానం బయటపెట్టారు. ఆ సమయంలో నీటి లోపల పెద్ద అల కదులుతున్నట్టు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించిందని, అదే జలాంతర్గామిని కిందికి లాగేసి ఉండొచ్చని చెప్పారు. అదే కారణమని రుజువు కాలేదు. కానీ అలాంటి అలలు ఉన్నాయన్నది మాత్రం నిజం.

నీళ్ల లోపల అల ఏంటి?

ఇఫ్తార్ కోసం గ్లాసు నీళ్లలో రూహ్ అఫ్జా పోసి, చెంచాతో కలపకముందు చూడండి. బరువైన ఎర్రటి షర్బత్ అడుగున ఉంటుంది, పైన తెల్లటి నీళ్లు. గ్లాసును మెల్లగా వంచితే రెండింటి మధ్య ఉన్న గీత ఊగుతుంది. పైన మాత్రం పెద్దగా కదలిక ఉండదు.

సముద్రం కూడా అంతే. పైన ఎండకు వేడెక్కిన తేలిక నీరు, కింద చల్లటి బరువు నీరు. రెండింటి బరువులో తేడా చాలా తక్కువ. అందుకే వాటి మధ్య పుట్టే అల చాలా ఎత్తుకు లేస్తుంది, నెమ్మదిగా కదులుతుంది. దక్షిణ చైనా సముద్రంలో 200 మీటర్లు దాటిన అలలను కూడా కొలిచారు. వేగం చూస్తే చాలాచోట్ల మనిషి వడివడిగా నడిచినంతే.

ఎక్కడ పుడతాయి?

తీరం నుంచి కొంత దూరం వరకు సముద్రం లోతు 100-200 మీటర్ల లోపే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా అగాధంలోకి జారిపోతుంది. ఆటుపోట్లకు ఈ అంచు మీద నీరు ఎక్కుతూ, దిగుతూ ఉంటుంది. ఆ ఊపుకి లోపలి గీత కూడా పైకీ కిందికీ కదిలి, అలగా బయలుదేరుతుంది. వీటినే అంతర్గత ఆటుపోట్లు అంటారు. సముద్రం అడుగున గట్టు ఉన్నచోట కూడా ఇదే జరుగుతుంది. బాలి, లొంబోక్ దీవుల మధ్య జలసంధిలో అలాంటి గట్టు ఉంది. అక్కడ పుట్టిన అలలు ఉత్తరానికి, అంటే నంగాలా మునిగిన సముద్రం వైపు కూడా వెళ్తాయి.

ప్రమాదం ఎందుకు?

జలాంతర్గామి తన బరువును చుట్టూ ఉన్న నీటికి సరిపెట్టుకుని తేలుతుంది. అల వచ్చి బరువు నీటిని కిందికి తోసేస్తే, దాని చుట్టూ తేలిక నీరే మిగులుతుంది. మోసే బలం తగ్గుతుంది, పైగా నీరే కిందికి లాగుతుంది. తట్టుకోగల లోతు దాటితే నీటి ఒత్తిడికి ఉక్కు కూడా నలిగిపోతుంది.

మన దగ్గర?

అండమాన్ సముద్రం ఈ అలలకు పేరుమోసింది. చమురు తవ్వకాల నౌక దగ్గర 1970లలో తీసుకున్న కొలతలపై 1980లో వచ్చిన పరిశోధన పత్రం ప్రసిద్ధి పొందింది. బంగాళాఖాతంలో గోదావరి, కృష్ణా, గంగ లాంటి నదుల మంచినీరు పైన పొరలా పరుచుకుంటుంది. దాంతో పై నీటికీ, కింది నీటికీ తేడా ఇంకా పెరుగుతుంది.

వీటితో నష్టమే కాదు, మేలు కూడా ఉంది. లోతుల్లోని పోషకాలను ఇవి వెలుతురు ఉన్న పై నీటి వైపు తెస్తాయి. వాటితో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని తిని చేపలు బతుకుతాయి. మత్స్యకారుడి వల నిండడంలో ఆ కనిపించని అలకూ వాటా ఉంది.